మంగతాయారు కొలత

పొద్దు రెండు మూరలు

ఆరోగ్య గది తలుపు ఇవాళ కూడా తన్నితేగానీ తెరుచుకోలేదు. మేం నిద్రపోయే వేళ లోపలి ఆవిరి అంచుల్లో గడ్డకట్టి తలుపుని గోడకి అతికించేస్తుంది. ఎనిమిదేళ్ళుగా తన్నుతున్నాను. మొదట్లో మర్యాదగా భుజంతో నెట్టేదాన్ని.

మేకులకి వేలాడుతున్న మెడపట్టీలు తీసి, కొన్ని కొన్నిగా రవికలో పెట్టుకుని వెచ్చబెట్టాను. చల్లగా ఉంటే అవి పలకవు. వాటిని తయారుచేసిన మహానుభావులు ఎండ కాసే ఊళ్ళో కూర్చుని చేసినట్టున్నారు. మనిషికో పట్టీ, పట్టీ మీద పేరు. మెడకి కట్టి యంత్రానికి తగిలిస్తే, గొంతు దగ్గరుండే థైరాయిడ్ ఎంత చురుగ్గా ఉందో, ఒళ్ళు తిండిని ఎంత జోరుగా మండిస్తోందో అది అంకెలో చెబుతుంది. అంకె ఎక్కువొస్తే చీకటి నెలల్లో తిండి ఎక్కువ. తక్కువొస్తే తక్కువ. వినడానికి న్యాయంగానే ఉంటుంది.

ఇక్కడ తారీఖులు ఎవరికీ పట్టవు. మంచు అంచు మీద పొద్దు ఎంత ఎత్తులో ఉందో చెయ్యి అడ్డంపెట్టి చూసి రోజులు చెప్పుకుంటాం. పొద్దు బెత్తెడుకి దిగిన రోజు కొలత. ఆ తర్వాత కొన్నాళ్ళకే పొద్దు మునుగుతుంది, నాలుగు నెలలు లేవదు.

మేం ఆరొందల మందిమి, మునిగిపోయిన కోనసీమ నుంచి ఈ మంచుఖండానికి వచ్చినవాళ్ళం. మా పని సముద్రాన్ని పంపులతో పైకి తోడి మంచు మీద పరచడం. అది గడ్డకడుతుంది. అలా తోడగా తోడగా సముద్రం తగ్గి మా ఊళ్ళు బయటపడతాయట. సముద్రానికి ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

గదికొచ్చేసరికి వదిన ఇంకా పడుకునే ఉంది. హీటరు పక్కనే, రెండు రగ్గుల కింద. ఆవిడ కూతురు జలజ అదే గదిలో పొట్టిచేతుల జాకెట్టుతో తిరుగుతోంది.

"ఏం వదినా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందే. చలి." గొంతు మగాడి గొంతులా బొంగురుపోయింది. కనురెప్పలు ఉబ్బి ఉన్నాయి. లేచి పులుసు పెట్టింది. ఉప్పు వేసింది, కాసేపాగి మళ్ళీ వేసింది. నేను చూస్తున్నానని తెలిసి నవ్వేసింది.

ఈవిడ మా వదిన మంగతాయారు. ఒకప్పుడు నోరు విప్పితే పంపుల మోత కూడా వినపడేది కాదు. ఇప్పుడు అడిగిన మాటకి జవాబు రావాలంటే నేను ఇంకో పని చూసుకుని రావచ్చు. బద్ధకం పెరిగిందని పక్కగదుల వాళ్ళు అంటున్నారు. వాళ్ళ నాలుకలకి మాత్రం ఎంత చలిలోనూ బద్ధకం రాదు.

పొద్దు మూరన్నర

నాలుగేళ్ళుగా ఆడవాళ్ళ అంకెలు ఏటేటా దిగుతున్నాయి. మగవాళ్ళవి దిగట్లేదు. చలి అందరికీ ఒకటే. ఆలోచించగా నాకు ఒకటే తేడా కనిపించింది. నోము.

కొలతమ్మ అని ఒక అమ్మవారిని పుట్టించి, ఆవిడ పేర నోము కట్టింది మా వదినే. మొదటి ఏడాది తెర మీద డాక్టరు కొలతకి పరగడుపున రమ్మన్నాడు. ఆ ఒక్క పూట చాలు. కానీ మనవాళ్ళకి ఒక పూట పస్తు మంచిదైతే మూడు రోజులు ఇంకా మంచిది కదా! ఆ మూడు తొమ్మిదయ్యాయి. తొమ్మిది రోజులూ షిఫ్టు మారాక గరిటెడు గంజి, అంతే. దానికో కథ పుట్టింది, వాయనం పుట్టింది. బియ్యం వృథా చెయ్యకూడదని మంచుపలుకులకి పసుపు రాసి అక్షింతలు చేస్తారు. కథ పూర్తయ్యేసరికి చేతిలో పసుపునీళ్ళు మిగులుతాయి.

నవ్వొచ్చినా నేను ఎప్పుడూ నవ్వలేదు. ఇక్కడికొచ్చిన రెండో ఏట అన్నయ్య మంచు పగుల్లో పడిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ తర్వాత శ్రావణ శుక్రవారాలకి వదినని ఎవరూ పిలవలేదు. ప్రపంచం మునిగినా ఆ పట్టింపు మాత్రం తేలింది, ఓడెక్కి మాతోపాటే వచ్చింది. అప్పుడు వదిన తన నోము తనే కట్టుకుంది. తను కట్టిన నోములో తనని గుమ్మం బయట నిలబెట్టేవాళ్ళు ఎవరు? ఏడాదికి తొమ్మిది రోజులు ఆవిడ పీట మీద కూర్చుంటుంది, ముత్తయిదువలంతా ఎదురుగా కూర్చుని కథ వింటారు.

అందుకే వదినతో వాదించే ముందు నాకే రుజువు కావాలనిపించింది. "వదినా, ఈసారి నేనూ నోము పడతాను. ముందుగానే పడతాను" అన్నాను.

వదిన మొహం వెలిగిపోయింది. "ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందే నీకు!" అని నా గడ్డం పట్టుకుంది. ఆ వేళ్ళు మంచుగడ్డల్లా ఉన్నాయి.

పొద్దు మూర

రోజూ పట్టీ నా మెడకే పెట్టుకుని చూశాను. నోముకి ముందు తొంభై ఆరు. తొమ్మిది రోజుల పస్తు తర్వాత డెబ్బై ఒకటి. మళ్ళీ కడుపునిండా తినడం మొదలుపెట్టాక మెల్లగా పైకి ఎక్కుతోంది.

సంగతి ఇదీ. చలి పెరిగితే ఒళ్ళు ఎక్కువ మండించాలి, థైరాయిడ్ ఎక్కువ పనిచెయ్యాలి. కానీ కడుపు ఖాళీగా ఉంటే, కరువొచ్చింది, ఉన్నది దాచుకోవాలి అని ఒళ్ళు అనుకుంటుంది. రెండూ ఒకేసారి వస్తే థైరాయిడ్ కడుపు మాటే వింటుంది, పొయ్యి తగ్గించేస్తుంది. పొయ్యి తగ్గిన మనిషికి చలి ఎక్కువ, మాట మెల్లన, నడక మెల్లన, ఊరికే నిద్ర. దాన్ని కొలిచి, ఈవిడ తక్కువ మండిస్తోంది కాబట్టి తక్కువ తిండి చాలు అని మా పట్టీ చెబుతోంది. ఆ తక్కువ తిండి తిన్నాక పొయ్యి ఇంకా తగ్గుతుంది. మరుసటి ఏడు మళ్ళీ పస్తుండి మళ్ళీ కొలత. ఆ ఉన్న కాస్తలోనూ వదిన అందరికీ పెట్టి ఆఖర్న తింటుంది.

వదినకి చెప్పాను. నేను పస్తుండి ఏం చూశానో మొత్తం చెప్పాను. 

"అయితే నోము పరీక్ష కోసం పట్టావా?"

"నీ కోసం పట్టాను."

"అమ్మవారితో పరాచికాలేంటే? కళ్ళు పోతాయ్. లెంపలేసుకో."

"ఈ ఏడు నోము మానెయ్ వదినా. కొలతకి ముందు పదిహేను రోజులు నా తిండి కూడా నువ్వే తిను. నీ అంకె ఇంకొంచెం దిగితే చీకటి దాటలేవు."

"మానేస్తే నన్నెవరు పిలుస్తారే?" అంది. అని అటు తిరిగి పడుకుంది. 

పొద్దు జానెడు

వదిన వినకపోతే పైవాళ్ళైనా వింటారని మా అందరికీ తిండి పంచే సంఘం అధ్యక్షుడు బుల్లబ్బాయి గారి దగ్గరికెళ్ళాను. అలాంటి ఆశ నాకెలా పుట్టిందో నాకే తెలీదు. ఆయన గదిలో రెండు హీటర్లుంటాయి. ఒకటి ఆయనకి, ఒకటి ఆయన కుర్చీకి.

"థైరాయిడ్డా? అదెలా వస్తుందమ్మా వరహాలూ! ఉప్పులో అయోడిన్ వేయిస్తన్నాం. పూటపూటా సముద్రం చేపే తింటన్నారు."

"ఇది అయోడిన్ తక్కువై వచ్చింది కాదండీ. తిండి తక్కువై వచ్చింది. చలిలో పస్తుంటే కొలత దిగుతుందండి. నా మెడ మీదే చూశాను."

నా అంకెలు చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు. ఇన్నేళ్ళలో నా మాట ఆయన అంత శ్రద్ధగా వినడం ఇదే మొదలు.

"అంటే నోము చేస్తే తిండి అవసరం తగ్గుద్దన్నమాట."

"అవసరం తగ్గదండీ. కొలత తగ్గుతుంది."

"రెండూ ఒకటే కదమ్మా."

"కాదండీ..."

"సామాన్ల ఓడ ఆలస్యమవుద్దని కబురొచ్చింది. పొద్దు కుంగేలోపు వస్తాదో రాదో. తల పట్టుక్కూర్చున్నాను. నువ్వు దేవతలా వచ్చావు."

నేను దేవతలా వచ్చిన ఫలితం మర్నాడే మైకులో వినపడింది. మన సంస్కృతిని కాపాడుకోవడం కోసం కొలతమ్మ నోముని సంఘమే జరిపిస్తుంది. ఆడవాళ్ళంతా పట్టాలి. తొమ్మిది కాదు, ఇరవై ఒక్క రోజులు. మగవాళ్ళకి పంపుల పని ఉంది కాబట్టి మినహాయింపు. ఆరోగ్య విభాగం కూడా నోము మంచిదని రుజువు చేసింది. నోముకి పెద్ద ముత్తయిదువగా శ్రీమతి మంగతాయారు గారు వ్యవహరిస్తారు.

ముత్తయిదువ అని అన్నాడు. మైకులో. ఆయనకి తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గానీ వదిన కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. జలజ వాళ్ళమ్మని పట్టుకుని గెంతుతోంది. వదిన కళ్ళు తుడుచుకుంటూ, "విన్నావా వరాలూ" అంది.

విన్నాను. నా నోరు పడిపోతే బాగుండుననిపించింది.

పొద్దు రెండు బెత్తెలు

నోము పదిహేనో రోజు. పంపుల షెడ్డులో బ్యానరు కట్టారు. వాయనంలో శనగలకి బదులు వేడినీళ్ళ సీసా. వదిన పీట మీద కూర్చుని కథ చెబుతోంది, మధ్యలో మర్చిపోతోంది. ఎదురుగా ఉన్నవాళ్ళు అందిస్తున్నారు. అందించేవాళ్ళూ ఆవులిస్తున్నారు.

ఇప్పుడు కొత్త మాటొకటి పుట్టింది. నిరుటి కంటే అంకె పెరిగిందంటే ఆవిడ చాటుగా ఎంగిలిపడ్డట్టే. ఇదివరకు అంకె తగ్గితే ఏడ్చేవాళ్ళు. ఇప్పుడు పెరుగుతుందేమోనని భయపడుతున్నారు. బుల్లబ్బాయి గారు ఒక్క గింజ ఖర్చు లేకుండా ఆకలిని పరువు కింద మార్చేశాడు. ఓడ రాలేదు.

జలజకి నోముకి ఇంకా వయసు రాలేదు. పద్దెనిమిది నిండాలి. వచ్చే ఏడు పడతానని ఇప్పట్నుంచే అంటోంది. నోర్ముయ్ అన్నాను.

నేను నోము పట్టలేదు. ఆరోగ్య విభాగానికి నీరసం రాకూడదని మినహాయింపు సంపాదించుకున్నాను. తింటున్నాను. ఆకలి లేకపోయినా కుక్కుకుని తింటున్నాను. ఎందుకో ఇక్కడ రాస్తే ఎవరైనా చదవొచ్చు. కాబట్టి కొలత అయ్యాక రాస్తాను.

పొద్దు బెత్తెడు

కొలత అయింది. ఇప్పుడు రాస్తాను.

పట్టీలు వెచ్చబెట్టడం నా పనే కదా. వదిన పేరున్న పట్టీని పొద్దున్నుంచి నా మెడకే కట్టుకున్నాను. పైన మఫ్లరు చుట్టాను. వరసలో వదిన వచ్చినప్పుడు నా పట్టీ ఆవిడకి కట్టి, ఆవిడది నా మఫ్లరు కింద నుంచే యంత్రానికి తగిలించాను. నాకు ఎంత తక్కువ వచ్చినా పరవాలేదు. ఒక చీకటి నేను కాయగలను, ఆవిడ కాయలేదు. లెక్క అంతే.

అన్నీ ఆలోచించాననుకున్నాను. అంకెలు మైకులో చదువుతారని మాత్రం అనుకోలేదు. ఏ ఏడూ చదవలేదు మరి. ఈ ఏడు సంస్కృతి కదా!

"మంగతాయారు గారు, తొంభై అయిదు."

 వెనకనుంచి ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఒక గొంతు, మెల్లగానే, కానీ అందరికీ వినపడేలా అంది: "విధవని పీటెక్కిస్తే ఇంతే."

వదిన మెల్లగా లేచింది. ఆవిడ ఇప్పుడు ఏం చేసినా మెల్లగానే. నేను అడ్డంపడి ఆవిడని పక్క గదిలోకి లాక్కెళ్ళాను.

"నేనే చేశాను వదినా. అది నా మెడ అంకె. నీకు తిండి రావాలని చేశాను. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇంటికి పద. నాలుగు నెలలు నవ్వుతారు, నవ్వనీ. నాలుగు నెలలయ్యాక నువ్వు బతికుంటావు."

వదిన గోడకి ఆనుకుని ఊపిరి తీసుకుంది. "ఇరవై ఒక్క రోజులు చేశానే. గరిటెడు గంజిలో కూడా సగమే తాగాను. ఇంతమందిలో నన్ను ఎంగిలిదాన్ని చేశావా?"

"చచ్చిపోతావు వదినా!"

"మీ అన్నయ్య పోయినప్పుడే చచ్చిపోయాననుకున్నారందరూ. ఈ పీటే కదే నన్ను మనిషిని చేసింది." నా చెయ్యి విడిపించుకుంది. విడిపించుకోవడానికి ఆవిడకి బలం లేదు. నేనే వదిలేశాను. ఎందుకు వదిలానో ఇప్పటికీ తెలీదు. ఆ కళ్ళలోకి చూస్తూ పట్టుకోలేకపోయాను, అంతే.

షెడ్డులోకెళ్ళి, "పట్టీ చెడిపోయిందండీ. నన్ను మళ్ళీ కొలవండి. అందరి ముందూ కొలవండి" అంది. నా పేరు ఎత్తలేదు. నా ఉద్యోగం కాపాడింది, మహాతల్లి.

కొత్త పట్టీ తెచ్చారు. దాన్ని నన్నే కట్టమన్నారు. వదిన గడ్డం పైకెత్తి నిలబడింది. మెడ మీద చర్మం పొడిబారి పొలుసులు లేచి ఉంది. పట్టీ కడుతూంటే నా వేళ్ళకి ఆవిడ నాడి తగిలింది. ఒకటి కొట్టాక రెండోది వస్తుందా రాదా అన్నట్టుంది.

నలభై ఒకటి. ఆరొందల మందిలో అందరికంటే తక్కువ.

చప్పట్లు. ఇందాక నవ్వినవాళ్ళ చేతులే ఎక్కువ గట్టిగా కొట్టాయి. బుల్లబ్బాయి గారు శాలువా కప్పి, "ఇంత తక్కువతో ఇంత నిబ్బరంగా నిలబడ్డారంటే ఇదీ మన ఆడపడుచుల శక్తి! ఇక మీదట ఆడవాళ్ళ తిండికి మంగతాయారు గారి కొలతే ప్రమాణం" అన్నాడు. వదిన అందరికీ దణ్ణం పెట్టింది. ఆవిడ అంత సంతోషంగా ఉండగా చూసి ఆరేళ్ళయింది.

నాకు ఏడుపు రాలేదు. ఆ యంత్రం తీసి బుల్లబ్బాయి నెత్తిన కొట్టాలనిపించింది. కొట్టలేదు. అది సంఘం ఆస్తి, పైగా నేను పిరికిదాన్ని.

పొద్దు లేదు

పగటి షిఫ్టు, రాత్రి షిఫ్టు అని పేర్లున్నాయి గానీ బయట రెండూ ఒకటే.

వదినకి వచ్చే పొట్లం, ఇప్పుడు ఆడవాళ్ళందరికీ అదే పొట్లం, నా అరచేతిలో పడుతుంది. నా అన్నంలో సగం తీసి పెడితే తోసేస్తుంది. "నా కొలతకి ఇంతే వరాలూ. నోము నోచినదాన్ని, ఇంకోళ్ళ ముద్ద తినమంటావా?" ముద్దలు కలిపి నోట్లో పెట్టబోతే పళ్ళు బిగించేసింది. బతిమాలాను, తిట్టాను, అన్నయ్య మీద ఒట్టేశాను. చిన్నపిల్ల మారాం చేసినట్టు తల అడ్డంగా ఊపుతూ కూర్చుంది.

తెర మీద డాక్టరుని పిలిచి లక్షణాలన్నీ చెప్పాను. థైరాయిడ్ మాత్రలు ఓడలో వస్తున్నాయన్నాడు. ఏ ఓడ అని అడిగాను. తెర ఆగిపోయింది.

పొద్దు లేదు, ఇంకోరోజు

ఇవాళ వదిన రగ్గులు తీసేసి కూర్చుంది. నేను చూసి పొంగిపోయాను. "చలెయ్యట్లేదే. ఎంత హాయిగా ఉందో" అంది. మాట ముద్దగా వచ్చింది.

చెయ్యి పట్టుకున్నాను. గోడ ఎంత చల్లగా ఉందో చెయ్యీ అంతే ఉంది. వణకడం మానేసింది. వణకాలన్నా తిండి కావాలి.

జలజా నేనూ చెరో పక్కనా పడుకుని ఆవిడని కప్పుకున్నాం. భోజనాల గంట కొట్టే వేళకి మా మధ్య ఉన్నది వదిన కాదు.

సంఘం రెండు నిమిషాలు పంపులు ఆపింది. ఆ రెండు నిమిషాల్లో పైపులు గడ్డకట్టుకుపోయాయి. అందుకు ఇక మీదట ఎవరు పోయినా ఆపకూడదని తీర్మానం చేశారు. మరణానికి కారణం దగ్గర నేను 'ఆకలి, చలి' అని రాశాను. ఆ రాత కొట్టేసి 'వయసు' అని రాసుకున్నారు. ఆవిడకి నలభై ఆరు.

పొద్దు మళ్ళీ బెత్తెడు

పొద్దొచ్చింది. దాంతోపాటు ఓడ కూడా వచ్చింది. బియ్యం దించారు, పప్పు దించారు, మాత్రలు దించారు. ఆడవాళ్ళ తిండి మాత్రం పెంచలేదు. ప్రమాణం ప్రమాణమే కదా. ఆరోగ్య గది గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించారు: మంగతాయారు కొలత, నలభై ఒకటి. దాని కిందే కూర్చుని నేను పట్టీలు తుడుస్తాను.

ఇవాళ జలజ వచ్చింది. మొన్నే పద్దెనిమిది నిండాయి. వాళ్ళమ్మ పోయాక మా ఇద్దరి మధ్యా మాటలు తక్కువ. వచ్చి బల్ల మీద కూర్చుని గడ్డం పైకెత్తింది.

"కొలువత్తా."

"ఇప్పుడెందుకే? కొలతకి ఇంకా బోలెడు రోజులున్నాయి."

"ముందే తెలుసుకుందామని."

కట్టాను. దాని మెడ వెచ్చగా ఉంది. నాడి గబగబా కొట్టుకుంటోంది. అంకె వచ్చింది. తొంభై నాలుగు. నాలుగు నెలల చీకటి, సగం తిండి, తల్లి చావు, ఇన్ని దాటుకుని తొంభై నాలుగు! నాకు ఆ పిల్లని ముద్దు పెట్టుకోవాలనిపించింది. పట్టీ ఊడదీస్తూనే చెప్పేశాను.

జలజ మొహం కందిపోయింది. గోడ మీద అక్షరాల వంక ఒకసారి చూసి తల దించుకుంది.

"ఎవరికీ చెప్పకత్తా" అంది. "ఈ పూట నుంచే తగ్గించేస్తాను."